కారణం తెలిసినా వింతగానే మిగిలిన ప్రకృతి విచిత్రాలు: కదిలే రాళ్ళు, రాతి స్తంభాలు, స్ఫటికాల గుహ

తీరని_సందేహం:
సభ్యులందరికీ నమస్కారం. ప్రకృతి వింతల జాబితాలకు అంతర్జాలంలో కొదవ లేదు. బొమ్మ ఒకటి వేసి, కింద రెండు ముక్కలు రాసి, ‘శాస్త్రవేత్తలకు సైతం అంతు చిక్కని రహస్యం’ అని ముగించేస్తారు. నిజానికి వాటిలో చాలావాటి అంతు ఎప్పుడో చిక్కింది. రాసేవారికి చదివే ఓపిక లేకపోవడమే అసలు రహస్యం. అందుచేత ఈ చర్చకు ఒక నియమం పెట్టుకుందామని నా మనవి. వింతను గురించి రాసేవారు దాని కారణాన్ని, ఆ కారణం ఎలా తెలిసిందో కూడా వీలైనంత వరకు రాయాలి. మొదటి ప్రశ్న నాదే. కాలిఫోర్నియాలో ఒక ఎండిన మైదానం మీద రాళ్ళు ఎవరూ తొయ్యకుండానే జరుగుతాయనీ, వాటి వెనుక నాగలి చాలు వంటి గీత పడుతుందనీ విన్నాను. ఇది నిజమేనా, లేక ఫొటోల మాయా?

ఎడారి_బాటసారి:
నిజమేనండీ. నేను నెవాడాలో ఉంటాను, రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాను. ఆ స్థలాన్ని రేస్‌ట్రాక్ ప్లాయా అంటారు; డెత్ వ్యాలీ జాతీయ ఉద్యానవనంలో మారుమూల ఉంటుంది. యూబీహీబీ అనే అగ్నిపర్వత బిలం దగ్గర తారురోడ్డు అయిపోతుంది, అక్కడి నుండి సుమారు 43 కిలోమీటర్లు మట్టిబాట. రేకుల షెడ్డు పైకప్పు మీద బండి నడిపినట్లు ఉంటుందంటే అతిశయోక్తి కాదు. ఒక టైరు దారిలోనే పోయింది.

మైదానం నాలుగున్నర కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. నేల గచ్చు చేసినంత సమంగా ఉండి, అరచేయంత పెంకులుగా పగిలి ఉంటుంది. దక్షిణం కొసన ఉన్న డోలమైట్ కొండ నుండి విరిగిపడిన రాళ్ళే ఎక్కువగా ఈ ప్రయాణం చేసేవి. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూసిన రాయి ఇంచుమించు మా ఇంటి కుక్కర్ అంత ఉంది. దాని వెనుక జానెడు వెడల్పున, అంగుళమైనా లోతు లేని చాలు దాదాపు డెబ్బై అడుగుల దూరం తిన్నగా వచ్చి, ఒక్కసారిగా ఎడమకు మళ్ళి, మళ్ళీ తిన్నగా సాగింది. చాలుకు రెండు పక్కలా బురద సన్నని గట్టుగా పేరుకొని ఎండిపోయింది. చుట్టూ ఒక్క అడుగుజాడ లేదు. కారణం ముందే చదివి వెళ్ళిన నాకే ఆ క్షణంలో ఒళ్ళు గగుర్పొడిచింది.

ఇక కారణం. 2011లో రాల్ఫ్ లోరెంజ్, రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ తదితరుల బృందం అక్కడ ఒక చిన్న వాతావరణ కేంద్రాన్ని నెలకొల్పి, జీపీఎస్ పరికరాలు అమర్చిన 15 రాళ్ళను మైదానం మీద ఉంచింది. అక్కడి రాళ్ళకు రంధ్రాలు చేయడానికి ఉద్యానవనం వారు అనుమతించకపోవడంతో బయటి నుండి రాళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి కదలని రాళ్ళకు కాపలా కాయడం ఎంత విసుగు పుట్టించే పనో ఊహించండి. 2013 డిసెంబరులో నోరిస్ సోదరులు (వరుసకు సోదరులు లెండి) వెళ్ళేసరికి మైదానంలో ఒక భాగం జానెడైనా లోతు లేని నీటిమడుగై ఉంది. ఆ నీరు రాత్రి గడ్డకట్టి, ఉదయం ఎండకు పగిలి, పదుల మీటర్ల వెడల్పున్న పలకలుగా తేలింది. ఆ పలకల మందం 3 నుండి 6 మిల్లీమీటర్లు, అంటే కిటికీ అద్దమంత. సెకనుకు నాలుగైదు మీటర్ల వేగంతో వీచే మామూలు గాలికే అవి కదిలి రాళ్ళను నెట్టాయి. నెట్టిన వేగం నిమిషానికి రెండు నుండి ఐదు మీటర్లు. డిసెంబరు 20న ఒక్కరోజే అరవైకి పైగా రాళ్ళు కదిలాయి. ఆ శీతకాలంలో ఒక రాయి మొత్తం 224 మీటర్లు జరిగింది.

బడిపంతులు:
ఎడారి_బాటసారి గారూ, చాలా చక్కగా రాశారు. అయితే ఒక సందేహం. భూమి మీద నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 56.7 డిగ్రీలు 1913 జులైలో డెత్ వ్యాలీలోనే నమోదైందని పిల్లలకు పాఠం చెబుతున్నాను. అటువంటి చోట నీరు గడ్డకట్టిందంటే తరగతిలో నన్ను ఎవరు నమ్ముతారు?

ఎడారి_బాటసారి:
పంతులు గారూ, పిల్లలు ఆ ప్రశ్న తప్పక అడుగుతారు. ఆ ఉష్ణోగ్రత నమోదైన ఫర్నేస్ క్రీక్ సముద్రమట్టం కన్నా దిగువన ఉన్న లోయ అడుగు. రేస్‌ట్రాక్ అదే ఉద్యానవనంలో ఉన్నా, కొండల నడుమ సుమారు 1,130 మీటర్ల ఎత్తున ఉంటుంది. అది అరకు లోయ కన్నా ఎత్తు, పైగా పొడిగాలి. శీతకాలపు రాత్రులు సున్నా కన్నా దిగువకు పోవడం అక్కడ మామూలే. అరుదైనది వాన. వాన పడి, నీరు నిలిచి, అది ఇంకేలోగా చలిరాత్రి వచ్చి, ఉదయం ఎండ కాసి, గాలి వీచాలి. ఇవన్నీ వరుసగా కుదరాలి గనుకనే ఒక రాయి పదేళ్ళు కదలకుండా పడి ఉండి, ఒక ఉదయం పది నిమిషాలు నడిచి, మళ్ళీ పదేళ్ళు నిద్రపోగలదు.

నల్లరేగడి:
మంచు సంగతి 2013లో కొత్తగా కనిపెట్టినది కాదని గుర్తు చేయాలి. 1940ల చివరి నుండే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ చాళ్ళను పటాలుగా గీస్తూ వచ్చారు; సుడిగాలులని కొందరు, మంచు అని కొందరు వాదించారు. 1970లలో బాబ్ షార్ప్, డ్వైట్ కేరీ అనే ఇద్దరు 30 రాళ్ళకు ఆడపిల్లల పేర్లు పెట్టి ఏడేళ్ళు గమనించారు. మంచు వాదాన్ని పరీక్షించడానికి వారు చేసిన ప్రయోగం నాకు భలే నచ్చింది. కొన్ని రాళ్ళ చుట్టూ దడి కట్టినట్లు ఇనుపమేకులు పాతారు. పెద్ద మంచు పలక రాళ్ళను మోసుకొని పోయేటట్లయితే, ఆ మేకులు పలకను అడ్డగించాలి కదా అని వారి తర్కం. తీరా చూస్తే ఒక రాయి మేకుల సందులోంచి చక్కగా బయటికి నడిచిపోయింది, పక్కది అక్కడే ఉండిపోయింది. దానితో మంచు అవసరం లేదని వారు తేల్చారు. తర్కంలో లోపం లేదు, వారు ఊహించుకున్న మంచులోనే లోపం. రాయిని పైకెత్తి మోసేంత మందపు పలకను దృష్టిలో పెట్టుకున్నారు గానీ, మేకుకు తగిలితే పెళుసుగా పగిలి ముందుకు పోయే అద్దమంత పలకను వారు ఊహించలేదని నా అభిప్రాయం.

లోరెంజ్ కూడా మొదట ఆ దారిలోనే నడిచాడు. వంటింట్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీరు పోసి, చిన్న రాయిని వేసి, ఫ్రీజరులో పెట్టి, ఆ మంచుగడ్డను రాయి కిందికి వచ్చేలా తిప్పి, అడుగున ఇసుక ఉన్న నీళ్ళ పళ్ళెంలో తేలనిచ్చి, నోటితో మెల్లగా ఊదాడు. రాయి ఇసుక మీద గీత గీస్తూ జరిగింది. ఆ ఊహతోనే బయలుదేరిన మనిషి మైదానంలో చూసినది మాత్రం వేరు: రాళ్ళు తేలలేదు, బురదలోనే కూర్చుని నెట్టించుకున్నాయి.

తీరని_సందేహం:
నా ప్రశ్నకు ఇంతటి జవాబు వస్తుందనుకోలేదు. మిల్లీమీటర్ల మందపు మంచు, ముఖానికి మెల్లగా తగిలే గాలి, ఈ రెండూ కలిసి రాయిని నడిపించాయంటే, దయ్యం నడిపించిందన్న కథ కన్నా ఇదే నమ్మశక్యం కానిదిగా ఉంది. కనీసం దయ్యానికి బలం ఉంటుందనైనా అనుకుంటాం.

గోదావరి_ఒడ్డు:
రాళ్ళ ప్రస్తావన వచ్చింది గనుక, ఉత్తర ఐర్లండు తీరంలోని జెయింట్స్ కాజ్‌వేను ఇక్కడ చేరుస్తాను. సుమారు 40,000 రాతి స్తంభాలు తేనెపట్టు గదుల్లా ఒకదానినొకటి అంటిపెట్టుకొని, మెట్లు మెట్లుగా సముద్రంలోకి దిగిపోతాయి. 1986లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫిన్ అనే రాక్షసుడు స్కాట్లండు దాకా నడవడానికి కట్టిన బాట అని అక్కడివారి కథ. అవతలి ఒడ్డున స్టాఫా దీవిలో అటువంటి స్తంభాలే ఉండటంతో కథ మరింత అతికింది.

దాదాపు ఆరు కోట్ల సంవత్సరాల నాడు పారిన లావా చల్లారుతూ కుంచించుకుపోయి పగలడమే దీనికి కారణం. వేసవిలో చెరువు అడుగు నెర్రెలివ్వడం మనం ఎరిగినదే. అక్కడ నీరు పోయి బురద కుంచించుకుపోతుంది, ఇక్కడ వేడి పోయి రాయి కుంచించుకుపోతుంది. అయితే ఒక తేడా ఉంది. చెరువులో నెర్రెలను నిలబడి గమనించండి, ఒక నెర్రె మరొక దానికి ఎక్కువగా అడ్డంగా, లంబకోణంలో వచ్చి తగులుతుంది. గడులు నాలుగు పలకలుగా ఏర్పడతాయి. లావాలో చల్లదనం పైనుండి లోపలికి దిగుతున్నకొద్దీ పగులు అంగుళం అంగుళం చొప్పున ముందుకు సాగుతుంది. అలా సాగే ప్రతిసారీ అతుకుల దగ్గర కోణాలు సర్దుకొని, మూడు పగుళ్ళు సమానంగా కలిసే 120 డిగ్రీల వైపు జరుగుతాయి. అందువల్ల ఆరు పలకలవి ఎక్కువ. అన్నీ ఆరే అనుకోకండి. ఐదు, ఏడు పలకలవి కూడా దండిగా ఉన్నాయి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వారు 2018లో ఐస్‌లాండు బసాల్టు (లావా చల్లారి ఏర్పడే నల్లరాయి) మీద ప్రయోగాలు చేసి, రాయి 840 నుండి 890 డిగ్రీల మధ్య వేడిగా ఉండగానే పగులుతుందని చూపారు. చేత్తో తాకగలిగేంత చల్లబడ్డాక పగులుతుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇక మా వైపు సంగతి. మాది కొవ్వూరు ప్రాంతం. పంగిడి క్వారీల దగ్గర నల్లరాయిని కంకర కొట్టడం చిన్నప్పటి నుండి చూస్తున్నాను. అదీ లావానే, పుస్తకాల్లో దాన్ని రాజమహేంద్రవరం ట్రాప్స్ అంటారు, స్వీడిష్ భాషలో ‘ట్రాప్పా’ అంటే మెట్టు. ఒకసారి క్వారీ గోడను దగ్గరగా చూస్తే, కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో తెల్లటి సున్నపురాతి పొర కనిపించింది. ఆ పొరలోంచి రాలిన ముక్కను గోటితో గీకితే ఆలిచిప్ప అంచు ఒకటి పొరలు పొరలుగా బయటపడింది. ఒక లావా ప్రవాహానికీ తరువాతి దానికీ మధ్య అక్కడ ఉప్పునీరు నిలిచి, జీవులు బతికి, చచ్చి, గుల్లలు పేరుకునేంత కాలం గడిచిందన్నమాట. ఇంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ లావా పుట్టిన చోటు పంగిడి కాదు. పడమటి కనుమల ప్రాంతంలో పైకి వచ్చి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరింది.

శంకాపరుడు:
గోదావరి_ఒడ్డు గారూ, ఆలిచిప్ప వరకు ఒప్పుకుంటాను. వెయ్యి కిలోమీటర్లు లావా పారడం మాత్రం నాకు మింగుడు పడలేదు. హవాయిలో పారే లావా కొన్ని పదుల కిలోమీటర్లకే చల్లారి ఆగిపోతుంది. పైగా దక్కను నల్లరాయి వికారాబాదు, జహీరాబాదు, ఆదిలాబాదు వైపు ఉంది. అక్కడి నుండి రాజమహేంద్రవరం దాకా మధ్యలో వందల కిలోమీటర్లు ఎక్కడా లేదు. గోదావరి పక్కనే భూమి చీలి లావా వచ్చిందనుకోవడం సులువు కదా?

గోదావరి_ఒడ్డు:
శంకాపరుడు గారూ, మీరన్నట్లు స్థానికంగానే వెలువడిందని వాదించినవారూ ఉన్నారు. అయితే 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం రెండు చోట్ల రాళ్ళ రసాయన కూర్పునూ, అయస్కాంత ధ్రువత్వాన్నీ (లావా గట్టిపడేటప్పుడు రాతిలో నిలిచిపోయిన భూ అయస్కాంత దిశను) పోల్చింది. గోదావరి దగ్గరి ప్రవాహాలు మహాబలేశ్వరం వైపు ఉన్న పై అంచె ప్రవాహాలతో సరిపోలాయి. వయసు కూడా అదే, ఇంచుమించు 6.6 కోట్ల సంవత్సరాలు. ఈ లెక్క సరైనదైతే భూమి మీద మనకు తెలిసిన లావా ప్రవాహాలలో ఇవే అతి పొడవైనవి.

చల్లారకుండా ఎలా వచ్చిందన్నది మంచి ప్రశ్న. పాలు చల్లారుతుంటే మీగడ కడుతుంది, దాని కింద పాలు చాలాసేపు వేడిగానే ఉంటాయి. లావా మీద అలాగే గట్టి పెచ్చు కట్టి దుప్పటిలా పనిచేస్తుంది, లోపల ద్రవం పారుతూనే ఉంటుంది. పైగా దక్కనులో వెలువడిన పరిమాణాన్ని హవాయితో పోల్చకూడదు. ఇవాళ మిగిలి ఉన్నదే దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. అంత లావా పల్లంగా ఉన్న పాత నదీలోయ పట్టుకొని సముద్రం దాకా వచ్చి ఉంటుందని వారి అంచనా. మధ్యలో లేకపోవడానికి ఆ తరువాతి కోట్ల సంవత్సరాల కోత చాలు.

శంకాపరుడు:
మీగడ ఉపమానం బాగుంది. పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఈసారి గోదావరి వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి చూసే చూపు మారుతుంది.

వేకువ_జాము:
కాటాటుంబో మెరుపుల సంగతి ఎవరూ ఎత్తలేదేమి? వెనెజువెలాలో మరకైబో సరస్సు మీద ఏడాదిలో మూడు వందల దాకా రాత్రులు మెరుపులు మెరుస్తూనే ఉంటాయి. భూమి చుట్టూ ఉన్న ఓజోన్ పొరను తిరిగి నింపుతున్నది అవేనని మా వాట్సాప్ బృందంలో వచ్చింది.

నల్లరేగడి:
మొదటి వాక్యం నిజం, రెండవది పుకారు. మెరుపు వల్ల ఓజోన్ పుట్టే మాట వాస్తవమే గాని, అది మనం పీల్చే గాలి ఉన్న కింది పొరలోనిది. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పొర ఎంతో పైన ఉంది, అక్కడికి ఇది చేరి దాన్ని నింపుతుందనడానికి ఆధారం లేదు. ఉపగ్రహం 16 ఏళ్ళు నమోదు చేసిన మెరుపులను లెక్కించి 2016లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఆ సరస్సు మీద చదరపు కిలోమీటరుకు ఏడాదికి సగటున 233 మెరుపులు. ప్రపంచంలో ఇదే ఎక్కువ. మూడు వైపులా కొండలు, నడుమ వెచ్చని నీరు. రాత్రివేళ కొండల నుండి దిగే చల్లగాలి సరస్సు మీది తేమ గాలిని పైకి తోస్తుంది. ఇంతే సంగతి.

కలకండ:
ఈ చర్చలో నా పేరుకు తగిన వింత ఒకటి చెబుతాను. మెక్సికోలో చివావా రాష్ట్రంలోని నైకా అనే ఊరి దగ్గర సీసం, జింకు, వెండి తవ్విన గని ఉంది. 2000 సంవత్సరంలో గనివారు సుమారు 300 మీటర్ల లోతున సొరంగం తవ్వుతూ ఒక గుహలోకి చొచ్చుకుపోయారు. లోపల తాడిచెట్ల దూలాలు అడ్డదిడ్డంగా పడేసినట్లు, పదకొండు మీటర్ల పొడవు దాకా ఉన్న జిప్సం స్ఫటికాలు! మనం వినాయకుడి బొమ్మలకు వాడే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ తయారయ్యేది ఈ జిప్సం నుండే. గుహలో వేడి 58 డిగ్రీలకు దగ్గర, తేమ నూటికి తొంభై పైమాట. అంత తేమలో చెమట ఆరదు గనుక శరీరం చల్లబడే దారే ఉండదు. మంచుగడ్డలు కుట్టిన దుస్తులు లేకుండా పది నిమిషాలకు మించి ఉండటం ప్రాణాంతకం.

ఇవి ఇంత పెద్దవి ఎలా అయ్యాయో 2007లో గార్సియా రూయిజ్ బృందం వివరించింది. మా నాయనమ్మ పటికబెల్లం చేసేటప్పుడు పాకంలో దారం వేలాడదీసి, గిన్నెను కదపకుండా రోజుల తరబడి మూల పెట్టేది. పాకాన్ని కలియబెడితే లక్ష గింజలు ఒకేసారి పుట్టి, పిండి పిండిగా మిగులుతుంది. కదపకుండా మెల్లగా చల్లారనిస్తే పుట్టేవి తక్కువ, పెరిగేవి పెద్దవి. నైకాలో అదే జరిగింది. అక్కడి నీటిలో అన్‌హైడ్రైట్ అనే ఖనిజం ఉంది. 58 డిగ్రీలకు కాస్త దిగువన అది కరుగుతూ, జిప్సం పేరుకుంటుంది. కింద ఉన్న శిలాద్రవం వేడికి ఆ నీరు లక్షల సంవత్సరాల పాటు ఆ గీతకు కొద్దిగా కిందనే, కొద్ది డిగ్రీల తేడాతో నిలిచింది. ప్రయోగశాలలో కొలిస్తే, ఆ స్ఫటికాలు పెరిగే వేగం శతాబ్దానికి ఒక వెంట్రుక మందం అంతే. నా మట్టుకు ఈ మొత్తం చర్చలో అసలు వింత ఇదే: స్ఫటికం పొడవు కాదు, ఎవరూ గిన్నె కదపకపోవడం. గని పంపులు ఆపేశాక గుహ మళ్ళీ నీట మునిగింది.

బడిపంతులు:
కలకండ గారూ, ఈ వాక్యం రేపు తరగతిలో అరువు తెచ్చుకుంటాను. హైదరాబాదు మిత్రుల కోసం ఒక చిన్న మాట కూడా చేరుస్తాను. అక్కడ ఒకదాని మీద ఒకటి నిలబడిన గుండ్లను ఎవరో పేర్చారని చాలామంది అనుకుంటారు. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి ఆ గ్రానైటు నేల లోపలే పగుళ్ళిచ్చింది, పగుళ్ళలో దిగిన నీరు మూలలను తిని గుండ్రం చేసింది, చుట్టూ మెత్తబడిన మట్టి కొట్టుకుపోయింది. పై గుండు మొదటి నుండీ పైనే ఉంది.

గోదావరి_ఒడ్డు గారూ, రాతి స్తంభాలను బడిలో చూపించే మార్గం ఏదైనా ఉందా?

గోదావరి_ఒడ్డు:
ఉందండీ. కార్న్‌ఫ్లోర్, నీరు సమాన తూకంలో కలిపి, నాలుగు వేళ్ళ లోతున గిన్నెలో పోసి, పైన వేడినిచ్చే పాతరకం బల్బు వెలిగించి వదిలేయండి. బూజు పట్టకుండా రెండు చుక్కలు బ్లీచింగ్ ద్రావణం వేయండి. వారం పైనే పడుతుంది. గిన్నెను కదపకండి.

బడిపంతులు:
పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. మొదటి గిన్నె ఆయమ్మ చెత్త అనుకొని కడిగేసింది. రెండవ గిన్నె ఈ ఉదయం పిల్లల ముందు విరగగొట్టాము. పైన చూస్తే నాలుగైదు పెద్ద బీటలు తప్ప ఏమీ లేదు, పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఒక ముక్కను తిరగేసి చూస్తే కింది భాగమంతా అగ్గిపుల్లల కట్టలా నిలువు పుల్లలే, భూతద్దంలో ఐదు, ఆరు పలకలు స్పష్టంగా కనిపించాయి. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పైకి దగ్గరగా ఉన్న పుల్లలు సన్నగానూ, అడుగున ఉన్నవి లావుగానూ ఎందుకున్నాయి?

గోదావరి_ఒడ్డు:
అమ్మాయి మంచి కన్నుతో చూసింది. పై భాగం త్వరగా ఆరుతుంది, లోపలికి పోయేకొద్దీ తేమ బయటపడటం నెమ్మదిస్తుంది. త్వరగా ఆరిన చోట పగుళ్ళు దగ్గర దగ్గరగా పడి పుల్లలు సన్నబడతాయి, నెమ్మదిగా ఆరిన చోట లావెక్కుతాయి. లావాలోనూ ఇదే లెక్క: వేగంగా చల్లారితే సన్నని స్తంభాలు, నిదానంగా చల్లారితే లావుపాటివి. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు స్తంభం మందం కొలిచి, కోట్ల ఏళ్ళ నాటి ఆ లావా ఎంత వేగంగా చల్లారిందో చెప్పగలుగుతున్నారు. ఆ అమ్మాయిని పై నుండి కిందికి పుల్లల మందం స్కేలుతో కొలిచి ఒక పట్టిక వేయమనండి. ఆ పట్టిక ఇక్కడ పెడితే అందరం చూస్తాం.